బొమ్మల పజిల్ విప్పడం ఎలా? వాట్సాప్ గ్రూపులో కలిసి ఆడేవారి కోసం

మండిపోతున్న సూర్యుడి బొమ్మ. పక్కన చీర కట్టుకున్న ఒకావిడ. కింద మూడు ఖాళీ గళ్లు. ఆధారం ఒక్కటే: 'విశాఖలో ఒక ప్రాంతం'. గ్రూపులో ఇది పడగానే ఎక్కువమంది చెప్పే జవాబు 'సూర్యాబాగ్'. అది తప్పు. గళ్లు సరిపోవు, పైగా చీర కట్టుకున్నావిడ ఎందుకు ఉన్నట్టో ఆ జవాబు చెప్పదు. సూర్యుడిని 'ఎండ' అనుకుని, ఆవిడని 'ఆడ' అనుకుంటే ఎండ + ఆడ, ఎండాడ. మధురవాడ వైపు వెళ్లే దారిలో ఉన్న ఊరే.

ఊరు తెలుసు, మాట తెలుసు, బొమ్మలూ తెలుసు. అయినా జవాబు రాదు. కొత్తగా గ్రూపుల్లో చేరినవాళ్లు పదేపదే అడిగేది ఇదే: 'అన్నీ తెలిసిన బొమ్మలే, కలిపితే మాట రావడం లేదు, ఎలా?' చాలామంది బొమ్మ చూడగానే మనసులో పడిన మొదటి పేరు దగ్గరే ఆగిపోతారు. రెండో పేరు, మూడో పేరు వెతకరు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ మొదటి పేరును దాటి వెళ్లడానికే.

కావలసినవి

తెలుగు కీబోర్డు ఉన్న ఫోను. జీబోర్డులో తెలుగు పెట్టుకుంటే మైకు నొక్కి మాట్లాడి కూడా టైపు చేయవచ్చు. 'tenglish' రాత వద్దు అనేది గ్రూపు నియమంగా పెట్టుకోవాలి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగులో హ్రస్వం, దీర్ఘం తేడా తెలియదు, ఈ ఆటలో ప్రాణం ఆ తేడాలోనే ఉంది.

ఒక తెల్ల కాగితం, పెన్సిలు. ఫోనులోనే అన్నీ చేద్దామనుకోవద్దు. బొమ్మ కింద పేర్లు వరుసగా రాసుకుని చూస్తే కళ్లకు కనిపించేది, తెర మీద జరుపుతూ పోతే కనిపించదు.

ఒక నిఘంటువు. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఒక మాట కొడితే బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం వంటివి ఒకేసారి వెతికిపెడుతుంది. ఒక వస్తువుకు ఉన్న మిగతా పేర్లు దొరికేది అక్కడే.

ఊళ్ల పేర్ల పజిళ్లయితే ఫోనులో విశాఖ మ్యాప్ తెరిచి పెట్టుకోండి.

గ్రూపు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గానీ, పజిల్ విప్పడానికి చురుగ్గా ఉండేవాళ్లు ఎనిమిది నుంచి పదిహేను మంది చాలు. అంతకంటే ఎక్కువైతే మెసేజీలు పైకి పోయి, ఎవరు ఏమన్నారో దొరకదు. వయసులు, ఊళ్లు కలిసి ఉంటే మంచిది. వంటింటి సామాను పేర్లు ఒకరికి తెలిస్తే, చెట్ల పేర్లు ఇంకొకరికి, వల్లో పడే చేపల పేర్లు మరొకరికి తెలుస్తాయి.

1. బొమ్మను పెద్దది చేసి మూలమూలా చూడండి

రెండు వేళ్లతో పెద్దది చేసి ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టండి. కూడిక, తీసివేత గుర్తులు, కొట్టేసిన అక్షరాలు, బాణాలు, గళ్లు ఎన్ని ఉన్నాయి, ఏ గడిలోనైనా ముందే అక్షరం వేసి ఉందా అన్నది చూసి కాగితం మీద దించుకోండి.

చాలా చేతులు మారిన బొమ్మ మసకబారుతుంది. మసక బొమ్మలో కొమ్మకు, వేరుకు తేడా తెలియదు. పంపినవారిని మళ్లీ పంపమని అడగండి: ఫొటో పంపేటప్పుడు పైన కనిపించే హెచ్‌డీ గుర్తు నొక్కాలి, లేదా ఫొటోను డాక్యుమెంటుగా జతచేయాలి. డాక్యుమెంటుగా పంపితే అసలు నాణ్యత చెడదు.

బొమ్మ మూలలో ఎవరో వేసుకున్న ముద్రను కూడా ఆధారం అనుకుని గంటసేపు తలలు బద్దలు కొట్టుకోవడం తరచూ జరుగుతుంది. అనుమానం ఉంటే ముందే అడిగేయండి.

2. అక్షరాలు లెక్కపెట్టండి

తెలుగులో ఒక గడి అంటే ఒక అక్షరం: గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి ఒకటే. 'విశాఖపట్నం' అంటే వి, శా, ఖ, ప, ట్నం. ఐదు. 'కృష్ణ' రెండే. కొన్ని యాప్‌లు 'కృష్ణ'కు ఐదు చూపిస్తాయి, ఎందుకంటే కంప్యూటరు క, ఋత్వం, ష, పొల్లు, ణ అని విడివిడిగా దాచుకుంటుంది. యాప్ చెప్పే లెక్క నమ్మవద్దు, వేళ్ల మీద లెక్కపెట్టండి.

మాట చివర పొల్లు వస్తే (నగర్, బాగ్) దానికి వేరే గడి ఇవ్వాలా వద్దా అన్నది గ్రూపులో ముందే అనుకోండి. ఇవ్వడమే ఎక్కువ వాడుక.

3. ప్రతి బొమ్మకూ కనీసం నాలుగు పేర్లు రాయండి

ఇదే అసలు పని. మిగతా మెట్లన్నీ కలిపి పది నిమిషాలు పడితే, దీనికి ఒక్కదానికే పది నిమిషాలు ఇవ్వండి. జవాబు గురించి ఆలోచించకుండా, బొమ్మ కింద దాని పేర్లు మాత్రం వరుసగా రాయండి:

సూర్యుడు: ఎండ, పగలు, పొద్దు, రవి, భానుడు, ఆదివారం.
డబ్బు: ధనం, రొక్కం, సొమ్ము, కాసులు, సిరి. (నోట్ల కట్ట పక్కన కోట బొమ్మ ఉంటే సిరిపురం గుర్తుకు రావాలి.)
తాబేలు: కూర్మం, కమఠం, కచ్ఛపం.
రథం: తేరు, అరదం.
అన్నం: మెతుకులు, బువ్వ, కూడు.

నాలుగు రాక ముందే 'నాకు తెలిసింది' అనిపిస్తే, ఆ మాటను కాగితం మూలలో రాసి పక్కన పెట్టి, మళ్లీ పేర్ల దగ్గరికి రండి.

చేప బొమ్మ వస్తే 'చేప, మీనం, మత్స్యం' దగ్గర ఆపవద్దు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లేవాళ్లు అది వంజరమో చందువాయో చూడగానే చెబుతారు. బొమ్మ గీసినవారు ప్రత్యేకంగా ఒక రకమే గీశారంటే ఆ పేరే కావాలి. ఈ బొమ్మల రాత చాలా పాతది. ఈజిప్టు రాజు నార్మెర్ పేరును సుమారు 5,000 ఏళ్ల కిందట ఒక చేప, ఒక ఉలి బొమ్మలతో చెక్కారు. ఆ చేప ఏదో ఒక చేప కాదు, జెల్ల జాతిది. వాళ్ల భాషలో దాని పేరు 'నార్', ఉలి పేరు 'మెర్'. ఉత్త 'చేప' అని చదివితే రాజు పేరు రాదు.

చెట్టో పువ్వో పనిముట్టో ఏమిటో తెలియకపోతే ఆ బొమ్మ వరకే కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. వస్తువు ఏమిటో తెలుసుకోవడానికి మాత్రమే లెన్స్. మొత్తం పజిల్ దానికి చూపిస్తే ఇంగ్లిషు పేర్లు చెప్పి మిమ్మల్ని ఇంకో దారిన తీసుకుపోతుంది.

ఇక మన యాస. ఉత్తరాంధ్రలో ఆడపిల్లను గుంట అంటారు, అక్కను అప్ప అంటారు, సొరకాయను ఆనపకాయ అంటారు. ఒక ఆడపిల్ల బొమ్మ, పక్కన గుడిసెలున్న ఊరి బొమ్మ, మూడు గళ్లు ఇస్తే విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు వెంటనే 'గుంటూరు' అంటారు: గుంట + ఊరు. అదే జవాబుకు గుంటూరువాళ్లు పజిల్ కడితే మట్టిలో తవ్విన గొయ్యి గీస్తారు. అలాగే ఇద్దరు అక్కచెల్లెళ్లలో పెద్దామె వైపు బాణం గుర్తు, పక్కన 'డం' అని ఉంటే 'అక్క' దగ్గరే ఆగినవారికి ఏమీ రాదు. అప్ప + డం, అప్పడం. అందుకే పజిల్ కట్టినవారిది ఏ ఊరు అన్నది కూడా ఒక ఆధారమే.

4. బొమ్మ ఎలా ఉందో చూడండి

ఏముంది అన్నది అయ్యాక, ఎలా ఉంది, ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి అన్నవి చూడండి.

ఒక పజిల్ దగ్గర నుంచి చూద్దాం. రెండు రథాలు. చిన్నది నిటారుగా నిలబడి ఉంది. పెద్దది ఒక పక్కకు ఒరిగి ఉంది. బాణం పెద్దదాని మీద. ఐదు గళ్లు. ఆధారం 'విశాఖలో ఒక ప్రాంతం'.

ముందుగా వచ్చే జవాబు 'పెద్దరథం'. నాలుగే అక్షరాలు, పైగా అలాంటి ఊరు లేదు. తర్వాత ఎవరో 'ఒరిగిన తేరు' అంటారు. ఆరు. కానీ ఈయన ఒక మంచి పని చేశారు, రథాన్ని తేరు అన్నారు. దాన్ని వదలకండి. ఇప్పుడు 'ఒరిగిన'కు వేరే మాటలు: వంగిన, వాలిన, వాలు. వాలు + తేరు, వాల్తేరు. చిన్న రథం ఎందుకుందంటే, పక్కన చిన్నది లేకపోతే పెద్దది పెద్దదని ఎలా తెలుస్తుంది? పెద + వాల్తేరు. పె, ద, వా, ల్తే, రు. ఐదు గళ్లు నిండాయి, గీతల్లో ఒక్కటీ మిగల్లేదు. బాణం చిన్నదాని మీద ఉండి, వాలింది చిన్నదైతే చినవాల్తేరు.

చోటు కూడా మాటే. చాప బొమ్మ, దాని అడుగున 'నీరు' అన్న అక్షరాలు ఉంటే 'చాప కింద నీరు'. 'తల' అని తలకిందులుగా రాసి ఉంటే జవాబు అదే: తలకిందులు. 'చూపు' అన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే చిన్నచూపు. చెట్టు ఒకటైతే 'చెట్టు', రెండు మూడు ఉంటే 'చెట్లు'. తాటిచెట్లపాలెం పజిల్‌లో ఒక్క తాటిచెట్టే గీస్తే అది కట్టినవారి తప్పు.

5. అంకెలను అంకెలుగానే చదవకండి

½ అంటే అర, సగం. ¼ అంటే పావు. 1/16 అంటే వీసం. 100 నూరు, వంద, శతం. 7 అంటే ఏడు. ఏడు అంటే సంవత్సరం, ఏడు అంటే ఏడవడం కూడా.

సగం నిండిన టీ గ్లాసు ఉంటే అర + టీ. అరటి. ఇక్కడ 'టీ' పొట్టిదయి 'టి' అయింది. ఇలాంటి సడలింపు ఎంతవరకు ఒప్పుకోవాలన్నది గ్రూపు ముందే తేల్చుకోవాలి. ఒక పజిల్‌లో దీర్ఘం–హ్రస్వం ఒక్కసారి మారవచ్చు, ద–ధ, ప–ఫ లాంటి తేడా ఒక్కసారి వదిలేయవచ్చు అనుకుంటే సరిపోతుంది. అంతకు మించి మారితే అది పజిల్ కాదు, లాగి ముడివేయడం.

6. తీసివేతలు, మార్పులు చేయండి

బొమ్మ పక్కన '– లు' ఉంటే పేరులోంచి 'లు' తీసేయాలి. 'చీ = భీ' ఉంటే చీమ భీమ అవుతుంది. ఇక్కడ జాగ్రత్త: నాలుగు పేర్లలో ఏ పేరులో ఆ అక్షరం ఉందో ఆ పేరే సరైనది. పాల గ్లాసు బొమ్మ మీద 'లు' కొట్టేసి 'లెం' అని రాసి ఉందంటే, మనం 'క్షీరం' గురించి ఆలోచించనే అక్కర్లేదు. పాలు పాలెం అయింది. తీసివేత గుర్తు ఉన్న బొమ్మ నుంచే పని మొదలుపెట్టండి, అన్నిటికంటే గట్టి ఆధారం అదే.

7. పైకి చదవండి

కాగితం మీద వరుసగా పెట్టిన మాటలను గొంతెత్తి, త్వరగా, మూడుసార్లు చదవండి. మనసులో చదివితే మాటలు విడివిడిగానే ఉండిపోతాయి. నాలుక మీద పడితే సంధి దానంతట అదే జరుగుతుంది.

సంధుల్లో ఇక్కడ కావలసింది కొంచెమే. తెలుగు మాటలు కలిసినప్పుడు, రెండోది అచ్చుతో మొదలైతే, మొదటి మాట చివరి అచ్చు సాధారణంగా పోతుంది: అక్క + అయ్య, అక్కయ్య. అందుకే ఒక అక్క, ఒక అయ్య, పాలగ్లాసు మీద 'లెం' ఉంటే అక్కయ్యపాలెం. సంస్కృతం మాటల్లో ఒకే రకం అచ్చులు కలిసినప్పుడు దీర్ఘం వస్తుంది: సింహ + అచలం, సింహాచలం. సింహం బొమ్మ, కొండ బొమ్మ ఇచ్చి నాలుగు గళ్లు ఇస్తే 'సింహకొండ' అని కూడా నాలుగు గళ్లు నిండుతాయి చూడండి. కొండకు అచలం, గిరి, గట్టు, మెట్ట అని రాసుకున్నవారే బయటపడతారు. ఏ సంధి పడుతుందో తెలియకపోతే రెండు రకాలుగానూ పలికి చూడండి.

మాట చివరి సున్న మధ్యలో పడితే సాధారణంగా పోతుంది. తాబేలు, అన్నం పెట్టిన కంచం, పాలెంగా మారిన పాలు, ఐదు గళ్లు. కూర్మం + అన్నం + పాలెం. సున్నలు తీసి పలికితే కూర్మన్నపాలెం. 'తాబేలు' దగ్గర ఆగినవారికి ఇది ఎప్పటికీ రాదు.

ఊళ్ల పేర్లయితే తోక పట్టుకోవడం మంచి ఉపాయం. మన చుట్టూ పేర్లు పాలెం, వాడ, వలస, పట్నం, లోవ, పురం, కొండ, నగర్ అని ముగుస్తాయి. చివరి బొమ్మ వీటిలో ఏదో తేలిస్తే మ్యాప్‌లో ఆ తోక ఉన్న పేర్లన్నీ ఏరి గళ్లతో సరిచూడండి. అయితే గళ్లు ఒక్కటే సరిపోవు: అక్కయ్యపాలెం, కంచరపాలెం, మద్దిలపాలెం, లంకెలపాలెం, కూర్మన్నపాలెం అన్నీ ఐదే.

ఒక మాట. ఇలా విడదీసేది ఆట కోసమే. ఎండాడకు ఆ పేరు ఎండ వల్ల, ఆడవాళ్ల వల్ల వచ్చిందని పిల్లలకు చెప్పకండి. ఊరి పేరు పుట్టుక వేరే సంగతి, దాన్ని గౌరవంగా వేరేగా తెలుసుకోవాలి.

8. గ్రూపులో పెట్టే పద్ధతి

పజిల్‌కు నంబరు వేయండి. దాని మీద మాట్లాడే ప్రతి మెసేజీ ఆ బొమ్మను కుడికి జరిపి, రిప్లైగా పెట్టండి. రెండు పజిళ్లు ఒకేసారి నడిచినప్పుడు రిప్లై లేని 'అవును, అదే' అన్న మెసేజీ అందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి 20 నిమిషాలు జవాబు పెట్టకూడదు, పేర్లు మాత్రమే పెట్టాలి. ఇలా:

పజిల్ 14
1వ బొమ్మ: తాబేలు, కూర్మం, కమఠం
2వ బొమ్మ: అన్నం, బువ్వ, కూడు
గుర్తు: పాలులో 'లు' తీసి 'లెం'

ఒకరు రాసిన జాబితాను ఇంకొకరు కాపీ చేసి, తమ పేర్లు చేర్చి మళ్లీ పెట్టాలి. జాబితా పెరుగుతూ పోతుంది. గ్రూపు వల్ల ఉన్న లాభం ఇదే: పదిమంది పది జవాబులు చెప్పడం కంటే పదిమంది కలిసి ఒక తాబేలుకు ఐదు పేర్లు చెప్పడం ఎక్కువ పనికొస్తుంది.

జవాబు తెలిసినవారు దాన్ని కట్టినవారికే విడిగా పంపాలి. గ్రూపులో పెట్టి 'అందరికీ తొలగించు' నొక్కితే సరిపోతుందనుకోవద్దు. నోటిఫికేషన్‌లో అప్పటికే చదివేసి ఉంటారు. టెలిగ్రామ్‌లో ఆడేవారికి ఇంకా సులువు: మాటను ఎంచుకుని ఫార్మాటింగ్‌లో 'స్పాయిలర్' పెడితే అది మసకగా కనిపిస్తుంది, నొక్కినవారికే తెలుస్తుంది. వాట్సాప్‌లో వివరణతో సహా జవాబు పెట్టాల్సి వస్తే ముందు 'పజిల్ 14 జవాబు కింద ఉంది' అని రాసి, వరుసగా చాలా ఖాళీ లైన్లలో ఒక్కో చుక్క పెట్టి, అడుగున జవాబు రాయండి. మెసేజీ పొడుగవడంతో మడత పడి 'ఇంకా చదవండి' అని వస్తుంది.

తప్పు టైపు చేస్తే 15 నిమిషాల లోపు అదే మెసేజీని సవరించవచ్చు. దాన్ని అక్షరదోషాలకే వాడండి. జవాబు మార్చడానికి వాడితే నమ్మకం పోతుంది.

పెద్దవాళ్లు చెప్పింది తప్పయితే 'తప్పు' అని ఒక్క ముక్కలో కొట్టేయకండి. 'మాస్టారూ, మీ మాటలో రెండో బొమ్మ ఎక్కడ వచ్చిందండీ?' అని అడగండి. అది మర్యాద, సరిచూసే పద్ధతి కూడా. చిన్నపిల్లలు చెప్పినా అంతే: 'తేరు బాగా పట్టావమ్మా, వాలును కూడా చూడు' అంటే ఆ పిల్ల వచ్చే వారం పజిల్ కట్టుకుని వస్తుంది.

9. సరిచూసుకోండి

జవాబు సరైనదా అనేది ఓట్లతో తేలదు. గ్రూపులో పోల్ పెట్టి ఎక్కువమంది నొక్కింది నిజమనుకోవడం పెద్ద పొరపాటు. వెనక్కి నడిచి చూడండి: జవాబు నుంచి బొమ్మలకు.

జవాబును ముక్కలు చేయండి. ప్రతి ముక్కా ఏ బొమ్మదో వేలు పెట్టి చూపించండి. మాటలో ఒక్క అక్షరం కూడా బొమ్మ లేకుండా ఉండకూడదు. తర్వాత బొమ్మ వైపు నుంచి: ప్రతి గీత, బాణం, రంగు, గుర్తు జవాబులో పనిచేసిందా? ఏదైనా మిగిలిపోతే, మాట ఎంత అందంగా కుదిరినా అది జవాబు కాదు, లేదా ఇంకా పూర్తి కాలేదు. చివరగా గళ్లు, ఆధారం. ఈ నాలుగూ కుదిరితే కట్టినవారు 'ఔను' అనక ముందే మీకు తెలిసిపోతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

మధ్యలో భాష మార్చడం. డాల్ఫిన్, ముక్కు బొమ్మలు ఉంటే అది డాల్ఫిన్స్ నోస్ కొండే, ఇక్కడ ముక్కును ఇంగ్లిషులో చదవాలి. కానీ కట్టినవారు 'ఇంగ్లిషు కలిసింది' అని ముందే చెప్పి ఉండాలి. చెప్పకపోతే అంతా తెలుగేనని పట్టుకోండి.

బొమ్మల వరుస మార్చేయడం. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. బాణం చెబితే తప్ప వరుస తప్పకూడదు.

ఒక బొమ్మ తెలియలేదని మొత్తం వదిలేయడం. ఆ చోట చుక్క పెట్టి మిగతావి కలపండి. 'గో–చుక్క–పట్నం' అంటే మధ్యలో ఏముండాలో ఎవరైనా చెబుతారు.

సామెతల పజిల్‌లో మాటకు మాట వెతకడం. సామెతల్లో ఒకటి రెండు గట్టి మాటలు దొరికితే మిగతాది నోటికే వస్తుంది. మద్దెల దొరికితే 'ఆడలేక మద్దెల ఓడు' దాకా వెళ్లిపోవచ్చు. అక్కడ పగిలిన మద్దెల గీశారా, పడవ గీశారా చూడండి: ఓడు అంటే పగిలింది, ఓడ అంటే పడవ. చాలామంది పడవ చూసి తికమక పడతారు, కట్టినవారు ధ్వని కోసం పెట్టారంతే.

బహుమతి లింకు నొక్కడం. 'ఈ పజిల్ విప్పితే బహుమతి, కింద లింకు నొక్కి ఓటీపీ చెప్పండి' అని తిరిగే బొమ్మలు మోసం. పజిల్‌కు జవాబు చెప్పడానికి లింకు అక్కర్లేదు, ఓటీపీ అసలే అక్కర్లేదు. ఎవరైనా నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించండి. గ్రూపు అడ్మిన్లు ఇలాంటి బొమ్మలను చూసిన వెంటనే తీసేయాలి, మొహమాటం వద్దు.

అస్సలు కదలకపోతే

ఒక పూట పక్కన పెట్టండి. తర్వాత కొత్త కాగితం మీద, పాత జాబితా చూడకుండా, మళ్లీ పేర్లు రాయండి. ఇంట్లో ఈ గ్రూపుతో సంబంధం లేనివాళ్లకు ఒక్కో బొమ్మను విడిగా చూపించి 'ఇదేమిటి?' అని అడగండి. మొత్తం పజిల్ చూపించకండి. చూపిస్తే వాళ్లూ జవాబు కోసం వెతుకుతారు. ఒక్క బొమ్మే చూపిస్తే ఉన్నదున్నట్టు పేరు చెబుతారు. నాయనమ్మ 'అది కుంచం కదా' అన్నప్పుడు ముడి వీడుతుంది.

అప్పటికీ రాకపోతే కట్టినవారిని ఒక సాయం అడగండి. 'మొదటి అక్షరం చెప్పండి' అని కాక, 'రెండో బొమ్మకు మేము రాసిన పేర్లలో సరైనది ఉందా?' అని అడగండి. ఉంది, లేదు అన్న జవాబుతో ఆట చెడదు, పని ముందుకు సాగుతుంది.

చేసి చూడండి

ఈ ఆరింటినీ కాగితం మీద గీసుకుని, పై వరసలో విప్పండి.

ఒకటి. ఆవు, పాల గ్లాసు, మేడలు కిక్కిరిసిన నగరం. 5 గళ్లు. విశాఖలో.
రెండు. ఆరిపోయి పొగ వస్తున్న దీపం, రెండు కొండల నడుమ పల్లం. 4 గళ్లు. విశాఖలో.
మూడు. ¼, పక్కన 'రం'. 3 గళ్లు. ఎగురుతుంది.
నాలుగు. చెట్టు కొమ్మ, క్యాలెండరులో ఎర్ర అంకె ఉన్న వారం. 3 గళ్లు. విశాఖలో.
ఐదు. చేతికి వేసుకునే ఒక గాజు, వంకర్లు తిరిగి పారుతున్న ఏరు. 4 గళ్లు. విశాఖలో.
ఆరు. ఒకే కొమ్మకు 3 పువ్వులు, 6 కాయలు. గళ్లు లేవు. నుడికారం.

.

.

.

జవాబులు. ఒకటి: గోపాలపట్నం; ఆవును గోవు అనుకోవాలి, పాలు 'పాల' అవుతుంది. రెండు: ఆరిలోవ, పల్లానికి లోవ అన్న పేరు రాసుకున్నారా? మూడు: పావురం. నాలుగు: కొమ్మాది, ఆదివారంలో వారం వదిలి ఆది తీసుకోవాలి, కొమ్మ చివరి అచ్చు పోతుంది. ఐదు: గాజువాక, ఏరు, వాగు, వంక దాటి 'వాక' దాకా వెళ్లినవారికే వస్తుంది. ఆరు: మూడు పువ్వులు ఆరు కాయలు.